బేరింగు బేరం

కారు చక్రం బేరింగు మార్పించడంలో నేను 3,150 రూపాయలు మిగిల్చాను. ఈ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. టీ తెచ్చే కుర్రాడికి కూడా తెలుసు. ఆ 3,150 మిగల్చడానికి ఎంత ఖర్చయిందో మాత్రం మా ఆవిడకీ, మా బావమరిదికీ, ఒక ముసలి మెకానిక్కీ తప్ప తెలియదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. లేకపోతే ఈ తెలివితక్కువతనం రుచి పూర్తిగా అందదు. గన్‌ఫౌండ్రీలో ఒక ఆడిటరు గారి దగ్గర లెక్కలు చూస్తాను. పక్కవాళ్ల బిల్లులు తిరగేసి, ఎక్కడ ఎక్కువ పోసి కొన్నారో, ఎక్కడ బిల్లు లేకుండా కొన్నారో, ఏ ఖర్చుని తీసుకెళ్లి ఏ పద్దులో దాచారో పట్టుకోవడం నా పని. బాల్ బేరింగులకి హెచ్‌ఎస్‌ఎన్ కోడు 8482 అనీ, మోటారు వాహనాల విడిభాగాలకి 8708 అనీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బేరింగుకి రెండు పక్కలుంటాయనీ, ఆ రెండూ ఒకటి కావనీ మాత్రం తెలియదు.

మా ఆఫీసున్న పేట చరిత్ర తెలిసిన వాళ్లకి ఇందులో ఇంకో చమత్కారం కనబడుతుంది. నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఇక్కడే ఫిరంగులు పోత పోయించాడు. తోప్ కా సాంచా అని పాతవాళ్లు ఇప్పటికీ అంటారు. ఫిరంగి గొట్టం లోపలి కొలతకీ, అందులో పెట్టే గుండు కొలతకీ లెక్క కుదరాలి. సందు ఎక్కువైతే మందు బలమంతా పక్కల నుంచి పోయి గుండు దగ్గర్లోనే పడుతుంది. బిగువైతే ఫిరంగి పక్కన నిలబడ్డవాడికే ముప్పు. అంత కొలత పాటించిన చోట, రోజూ కారు పెట్టుకోవడానికి జాగా వెతుక్కుంటూ తిరిగే నేను, ఇనప గుండ్ల వ్యవహారంలో ‘ఏదైనా ఒకటే’ అన్నాను. ఎవరితో అన్నానో, ఎప్పుడన్నానో తర్వాత వస్తుంది.

నాకీ ధైర్యం ఊరికే రాలేదు. గన్‌ఫౌండ్రీ నుంచి ఆబిడ్స్ మీదుగా నడిచి మొజంజాహీ మార్కెట్ దాటితే ఒక దారి జాంబాగ్, పుత్లీబౌలి వైపు పోతుంది, ఇంకొకటి గోషామహల్ వైపు. పుత్లీబౌలిలో కొత్త సామాను. గోషామహల్‌లో పాత కార్లని విప్పి తలుపు తలుపుగా, అద్దం అద్దంగా, సీటు సీటుగా అమ్ముతారు. భోజనం వేళ అటు ఒక చుట్టు చుట్టి రావడం నాకు అలవాటు. మా కారు ఎడమ అద్దాన్ని ఆటోవాడు ఊడగొట్టుకుపోతే గోషామహల్‌లో 400కి దొరికింది, అదే రంగుది. కిటికీ మోటారు కాలిపోతే అదీ అక్కడే. రెండూ ఈనాటికీ నిక్షేపంగా పనిచేస్తున్నాయి. ఆ రెండు విజయాలతో నాకు కొమ్ములు మొలిచాయి. ఆఫీసులో ఎవరి కారుకి ఏం వచ్చినా నన్నడగడం మొదలుపెట్టారు. నేను చెప్పడమూ మొదలుపెట్టాను.

అలాంటి రోజుల్లో మా కారు మూలగడం మొదలైంది. పట్నం రోడ్ల మీద తెలిసేది కాదు. మెహదీపట్నంలో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి అరవై దాటితే కింద నుంచి గుయ్యిమని ఒక హోరు. వేగం పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టినా పోదు. అంటే ఇంజను కాదు. వీల్ బేరింగే అని తేల్చాను. అక్కడిదాకా తప్పులేదు.

ఏ చక్రానిదో తెలుసుకోవడానికి ఒక పద్ధతుంది. వేగంగా పోతూ స్టీరింగుని కాస్త ఎడమకి, కాస్త కుడికి తిప్పి చూడాలి. ఒక వైపు తిప్పినప్పుడు హోరు పెరుగుతుంది. మాది ఎడమకి తిప్పితే పెరిగింది. కాబట్టి ఎడమ బేరింగు పోయిందన్నాను. పక్కన కూర్చున్న మా ఆవిడ, “నాకు కుడివైపు నుంచి వస్తున్నట్టుందండీ” అంది. శబ్దం లోపల తిరిగి వేరే చోట వినిపిస్తుందని ఆవిడకి వివరంగా చెప్పాను.

సర్వీసు సెంటరుకి ఫోను చేశాను. చూడమని కాదు, రేటు అడగడానికి. కారు తీసుకురమ్మన్నారు, చూసి చెబుతామన్నారు. చూడక్కర్లేదు, ముందు ఎడమ చక్రం బేరింగు, ఎంతవుతుంది అన్నాను. కూలితో కలిపి 4,200 అన్నారు. పుండు ఎక్కడో డాక్టరుని చూడనివ్వకుండా నేనే చెప్పి, మందు ధర మాత్రం కనుక్కున్నానన్నమాట. ఆ 4,200 అంకె చాలు నాకు. ఇక దాని మీద ఎంత తగ్గిస్తే అంత గెలుపు.

పుత్లీబౌలి కొట్టాయన మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. “ఇది కంపెనీది, 1,950. ఇది ఇంకో కంపెనీది, అదీ మంచిదే, 1,600. ఇది లోకల్, 750. లోకల్‌కి గ్యారంటీ లేదు సార్, ముందే చెప్తున్న. బిల్లు కావాలంటే ఇస్త, ట్యాక్స్ పడుతది.”

ఈ కథలో నన్నెవరూ మోసం చేయలేదని గట్టిగా చెప్పాలి. డూప్లికేటుని ఒరిజినల్ అని అంటగట్టే వ్యాపారం ఈ లోకంలో చాలానే ఉంది. పెట్టె మీద కోడుని ఫోనుతో పరీక్షించుకోవడానికి పెద్ద బేరింగు కంపెనీలు ఆప్‌లు కూడా తెచ్చాయి. నాకు ఆ అవసరమే రాలేదు. ఆయన లోకల్ అనే చెప్పి ఇచ్చాడు, నేను లోకల్ అని తెలిసే తీసుకున్నాను. మూడింటినీ చేతిలో పట్టి తూచాను, వేలితో తిప్పాను. మూడూ ఒకలాగే తిరిగాయి. బిల్లు వద్దన్నాను. బిల్లులు పట్టుకునే ఉద్యోగంలో ఉండి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో!

వేలితో తిప్పితే తెలిసేదైతే ప్రపంచంలో ఇంత యంత్రాంగం ఎందుకు? జర్మనీలో ష్వైన్‌ఫుర్ట్ అనే ఊళ్లో ఫ్రీడ్రిష్ ఫిషర్ 1883లో ఉక్కు గుండ్లని ఒకే కొలతకి, నిండు గుండ్రంగా అరగదీసే యంత్రం చేశాడు. బేరింగుల పరిశ్రమ నిలదొక్కుకున్నది దాని మీదే. ఎందుకంటే వరసలో ఒక్క గుండు మిగతావాటి కంటే రవ్వంత పెద్దదైనా బరువు దాని మీద పడుతుంది, ముందు అదే పాడవుతుంది, తర్వాత అది తిరిగే గాడి పాడవుతుంది. ఆ రవ్వంత అనేది మైక్రాన్లలో. నా చూపుడువేలికి అంత జ్ఞానం లేదు. పైగా లోపలి ఉక్కు ఎంత శుభ్రమైనదో, గ్రీజు ఏ రకమో, సీలు వాన నీళ్లని ఎన్నాళ్లు ఆపుతుందో పెట్టె మీది రంగు చెప్పదు. 1,200 రూపాయల తేడా అంతా వీటిలోనే ఉంటుంది.

బేరింగుని ఆఫీసుకి తెచ్చి బల్ల మీద పెట్టాను, నలుగురూ చూడాలని. అరచేతిలో పట్టేంత ఉక్కు కడియం. ఒక పక్క సీలు లోహం మెరుపుతో ఉంది, రెండో పక్క ముదురు గోధుమరంగు రబ్బరులా ఉంది. కాగితాలు సర్దుతుంటే ఒక గుండుసూది ఎగిరి ఆ గోధుమరంగు పక్కకి అతుక్కుంది. నేనేం చేశాను? “చూశారా, లోకల్ మాల్, ఏదో ఇనప పొడి కలిపినట్టున్నాడు” అని సూదిని గోటితో గీకి డబ్బాలో పడేశాను. బేరింగు తనంతట తానే సూది పట్టుకుని ‘ఇదిగో నా అయస్కాంతం పక్క’ అని చూపించింది. ఇంతకంటే స్పష్టంగా ఏ వస్తువూ మాట్లాడలేదు నా జీవితంలో.

మా బావమరిది హనుమకొండలో ఉంటాడు, శనివారం వచ్చాడు. అపార్టుమెంటు సెల్లారులో కారుకి జాకీ పెట్టాం. ఎడమ చక్రం గాలిలోకి లేచాక వాడు చేత్తో తిప్పాడు. నూనె రాసినట్టు తిరిగింది, చప్పుడు లేదు, ఊగిసలాట లేదు. “బావా, ఇది మంచిగనే ఉంది కదా?” అన్నాడు. “గాలిలో తిప్పితే తెలియదురా, బరువు పడాలి” అన్నాను. ఆ మాట నిజమే. నిజమైన మాటలతో కూడా ఎంత తప్పు చెయ్యొచ్చో ఆ రోజు చూపించాను. కుడి చక్రాన్ని కూడా లేపి తిప్పి చూద్దామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. వాడికి తోచిందేమో, బావ మాట కాదనలేక ఊరుకున్నాడేమో.

యాక్సిల్ నట్టు మా దగ్గరున్న పానాలకి లొంగలేదు. 32 నంబరు సాకెట్ 450, పొడుగు రాడ్డు 650, తుప్పు వదిలించే స్ప్రే 250 పెట్టి కొన్నాను. వీటిని నేను ఖర్చులో రాయలేదు. పనిముట్లు ఎన్నేళ్లయినా ఉంటాయి, కాబట్టి అది పెట్టుబడి అన్నాను. క్లయింటు ఎవరైనా ఇలా రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ని.

చక్రం, బ్రేకు క్యాలిపర్, డిస్కు, బాల్ జాయింటు, స్ట్రట్ బోల్టులు విప్పి నకిల్‌ని బయటికి తీసేసరికి చీకటి పడింది. మర్నాటికి కొట్లు లేవు. సోమవారం ఆ ఇనప ముద్దని గోనె సంచిలో వేసుకుని ఆటోలో లేత్ షాపుకి తీసుకెళ్లాను. మా కారులాంటి వాటిలో ముందు చక్రం బేరింగు నకిల్‌లోకి బిగువుగా ఎక్కి ఉంటుంది. టన్నుల బరువుతో నొక్కే హైడ్రాలిక్ ప్రెస్సు లేనిదే రాదు, పోదు. దాని నడుమ మళ్లీ హబ్ ఎక్కాలి, చక్రం బోల్టులుండేది దానికే. కొన్ని కార్లకి హబ్, బేరింగు కలిసి ఒకే దిమ్మగా వస్తాయి, నాలుగు బోల్టులు విప్పి మార్చుకోవచ్చు. మాకా భాగ్యం లేదు.

షాపు కుర్రాడు పాత బేరింగుని ఠప్పున బయటికి నొక్కేశాడు. అలా తీసినది మళ్లీ పనికిరాదు. అంటే ఆ ఠప్పుతో, ఇంకా వేల కిలోమీటర్లు తిరగాల్సిన మంచి బేరింగు ఒకటి చచ్చిపోయింది. కొత్తది చేతిలోకి తీసుకుని వాడు అడిగాడు. “సార్, ఏ పక్క లోపలికి పెట్టాలె?”

“ఏదైనా ఒకటే” అన్నాను.

ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగు ఒక పక్క సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది, ఉత్తర దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటి చుట్టూ పేర్చినట్టు. చక్రం తిరుగుతుంటే ఎదురుగా ఉన్న సెన్సర్ ఆ ధ్రువాలని లెక్కపెట్టి చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో కంప్యూటర్‌కి చెబుతుంది. ఆ పక్క సెన్సర్ వైపు ఉండాలి. నేను దాన్ని రోడ్డు వైపు తిప్పి పెట్టించాను. కుర్రాడు ఒక్క క్షణం నా ముఖం చూశాడు. తెలిసినవాడిలాగే కనబడ్డాను కాబోలు, మీట నొక్కాడు.

బేరింగుకి 300, హబ్ ఎక్కించడానికి ఇంకో 150 అన్నాడు. ఇక్కడే నా కక్కుర్తి శిఖరానికి చేరింది. హబ్ ఇంట్లో కొట్టుకుంటాలే అని 150 మిగుల్చుకుని వచ్చేశాను. సెల్లారులో నకిల్‌ని రెండు ఇటుకల మీద పెట్టి, హబ్ మీద చెక్కముక్క వేసి, బావమరిది పట్టుకుంటే సుత్తితో కొట్టాను. లోపలి రింగుకి కింద ఏ ఆధారమూ లేదు. నేనేసిన ప్రతి దెబ్బా లోపలి రింగు నుంచి గుండ్లలోకి, గుండ్ల నుంచి బయటి రింగు గాడిలోకి పోయింది. 1900లో స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ ఒక పరీక్ష చూపించాడు. గట్టి గుండుని లోహం మీద నొక్కి, పడిన గుంట కొలిస్తే ఆ లోహం ఎంత గట్టిదో తెలుస్తుంది. బేరింగు గాడిలో గుండ్లు పొడిచిన గుంటలకి ఈనాటికీ ఆయన పేరే పెట్టి పిలుస్తారు. 750 రూపాయల ఉక్కు మీద నేను ఆ ప్రయోగం చేసి చూసి, హబ్ పూర్తిగా దిగిందని బావమరిదితో చేతులు కలిపాను. యాక్సిల్ నట్టు కూడా పాతదే బిగించాను, కొత్తది 120 అవుతుందని.

బేరింగు 750, ప్రెస్సు 300. వెరసి 1,050. నాలుగు వేల రెండు వందల్లోంచి తీసేస్తే 3,150 మిగులు.

కారు స్టార్టు చేసి కాస్త ముందుకి పోగానే ఏబీఎస్ దీపం వెలిగింది. ఆర్పడానికి బ్యాటరీ తీగ ఊడదీసి పెట్టాను. మళ్లీ వెలిగింది. మామూలు బ్రేకు పనిచేస్తోంది కదా, మా నాన్న స్కూటరుకి ఏబీఎస్ ఉందా అని సమాధానపడ్డాను. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే పాత హోరు పాతలాగే ఉంది. మా ఆవిడ ఏమీ అనలేదు. నేనే, “కొంచెం తగ్గింది కదా?” అన్నాను. “ఊఁ” అంది. మర్నాడు ఆఫీసులో హోరు పూర్తిగా పోయిందని చెప్పాను. ఎందుకు చెప్పానంటే, 3,150 అంకె అప్పటికే చెప్పేసి ఉన్నాను. అది వెనక్కి తీసుకోవడం కంటే అబద్ధమే సులువనిపించింది.

వానలొచ్చేసరికి ఎడమ పక్క నుంచి కూడా హోరు మొదలైంది. కుడిది గుయ్యిమంటే ఇది గరగరమంటుంది. పాటలు పెద్దగా పెట్టుకుని కొన్నాళ్లు నడిపాను. ఒకనాడు మా ఆవిడే నాంపల్లి వైపు తనకి తెలిసిన టీచరమ్మ చెప్పిన మెకానిక్ దగ్గరికి బండిని మళ్లించింది. తెల్ల గడ్డం, అద్దాల కింద నుంచి చూసే చూపు. అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన ఏ పరికరమూ తీయలేదు. కుడి చక్రం లేపి ఒక చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి కాయిల్ స్ప్రింగు మీద ఆనించాడు. నన్నూ పెట్టమన్నాడు. వేళ్ల కింద స్ప్రింగు ఇసకలో రుద్దినట్టు జరజరమంది. చెవికి అందనిది చేతికి అందింది.

“ఇదీ మీ బేరింగు. ఎడమది ఎందుకు తీసిన్రు సాబ్?”

ఎడమకి తిప్పితే హోరు పెరిగిందని చెప్పాను. ఆయన నవ్వలేదు, అదే బాధ. “బస్సుల నిలబడి పోతరు కదా సాబ్? బస్సు ఎడమకి తిరిగితే మీరు ఎటు ఒరుగుతరు?”

“కుడికి.”

“కారు గూడ అంతే. వజన్ కుడికి పోతది. కుడిది ఒర్లుతది.” ఎడమది విప్పించి చూశాక తన కుర్రాడితో, “దేఖ్ రే, అచ్ఛా నికాల్‌కే ఖరాబ్ డాలే, వో భీ ఉల్టా” అన్నాడు. నాకు వినబడకూడదని మెల్లగానే అన్నాడు. మా ఆవిడకి వినబడింది.

కంపెనీ బేరింగులు రెండు 3,900, ప్రెస్సు 900, కొత్త నట్లు రెండు 240, కూలి 2,000, స్ట్రట్ బోల్టులు విప్పారు కాబట్టి అలైన్‌మెంటు 500. మొత్తం 7,540. నా పాత 1,050, ‘పెట్టుబడి’ 1,350 కలిపితే 9,940. మొదటే ఆయన దగ్గరికి పోయుంటే కుడిది ఒక్కటీ 4,020తో అయిపోయేది. ఆ రాత్రి ఈ లెక్క ఒక కాగితం మీద వేసుకున్నాను. ఆడిటు చేసేవాడి ఇంట్లో అదొక్కటే నిజాయితీగా వేసిన లెక్క.

నేను పిసినారిని కానని చెప్పుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ కాగితం చూస్తే డబ్బు కోసం చేసిన పనిలా కనబడదు. డబ్బే కావాలంటే ఆ 150 పారేసి హబ్ అక్కడే ఎక్కించుకునేవాణ్ని. కొట్టాయన్నో కుర్రాణ్నో ఒక్క మాట అడిగితే ఏ పక్క ఎటో చెప్పేవాళ్లు, పైసా తీసుకోకుండా. అడగడమే నావల్ల కాలేదు. ఆఫీసులో అందరూ నన్నడుగుతున్నప్పుడు నేను ఒకరిని ఎలా అడుగుతాను? నాకు కావలసింది మర్నాడు టీ వేళ చెప్పుకోవడానికి ఒక అంకె. చేతిలో మిగిలిన డబ్బు ఎవరికీ కనబడదు, చెప్పుకుంటేనే ఉంటుంది. దాని కోసం ఏబీఎస్ లేని కారులో, గాడిలో గుంటలు పడ్డ బేరింగు మీద పెళ్లాం పిల్లల్ని వానలో తిప్పాను. ఈ చివరి మాట మాత్రం తల్చుకుంటే నవ్వు రాదు.

ఇంత జరిగినా గోషామహల్ మీద నాకు భక్తి తగ్గలేదు. అద్దం, తలుపు పిడి, కిటికీ మోటారు, సీటు, ఇవి పాతవి కొనుక్కోవచ్చు. పాడైతే మహా అయితే వానకి తడుస్తాం. తిరిగేవీ, ఆపేవీ, మలిపేవీ, అంటే బేరింగు, బ్రేకు, స్టీరింగు సామాను మాత్రం పెట్టె విప్పని కంపెనీదే, బిల్లుతో. ఈ తేడా పుత్లీబౌలి కుర్రాళ్లందరికీ ఎప్పట్నుంచో తెలుసు. నాకే 5,920 రూపాయల ఫీజు పడింది, ఇదీ లెక్కేసుకోండి.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి నా బల్ల దగ్గరికి వచ్చాడు. వాళ్ల నాన్నగారి పాత కారు వేగంగా పోతే హోరు పెడుతోందట. “మీరు బేరింగు మార్చుకున్నారట కదా సార్, 3,150 మిగిల్చారట. ఎడమకి తిప్పితే శబ్దం పెరుగుతోంది. ఎడమదే అయ్యుంటుందా?”

“కాదు, కుడిది” అన్నాను, తడుముకోకుండా. వాడి కళ్లల్లో గౌరవం చూడాలి. ఉస్తాద్ పేరు, అడ్రసు ఇద్దామని కాగితం తీశాను. ఈలోగా వాడు, “నట్టు విప్పడానికి ఏ సాకెట్ కావాలి సార్?” అన్నాడు. 32 నంబరుదనీ, బజార్లో 450 అవుతుందనీ, కొనవద్దనీ, నా దగ్గర ఉందనీ, శనివారం నేనే పట్టుకొస్తాననీ చెప్పాను.